చిత్తుప్రతికి వారసులు

ప్రతి వేసవిలోను రేడియో వాతావరణ విశేషములలో తప్పక వినవచ్చు పేరు రెంటచింతల. పల్నాటి సీమలో గురజాలకును మాచర్లకును నడుమనున్న ఈ ఊరు ఎండలకు పేరుపడినది. అచ్చట వాతావరణ పరిశీలన కేంద్రము ఉండుటచేత, ఎండల తీవ్రతను చెప్పవలసి వచ్చినపుడెల్ల ఆ ఊరి పేరు తెలుగునాట ఇంటింట వినిపించును. పేరు విన్నవారు పెక్కుమంది. ఊరిని ఎరిగినవారు కొలదిమంది. ఎండ తప్ప అచ్చట మరేమున్నది? ఆ మండలములోని గ్రామము లెట్టివి? వానికి చరిత్ర కలదా? ఈ ప్రశ్నలు ఒక విద్యార్థికి కలిగినచో, నేడాతడు గ్రంథాలయమునకు పోవుటకు ముందు చేతిలోని ఫోనులో వెదకును. అట్లు వెదకువారికి మొదట కనబడువానిలో తెలుగు వికీపీడియా ఒకటి. అందులో దొరకునది పూర్తియైన వ్యాసమా, లేక ఎవరో సగము వ్రాసి విడిచిన చిత్తుప్రతియా? సగము వ్రాసినదానిని ఏమి చేయవలెను? ఈ సంగతిని నేడు కొంత విచారింతము.

వికీపీడియా అనగా అందరును కూడి వ్రాయు విజ్ఞాన సర్వస్వము. ఇది ఇంగ్లీషులో 2001 జనవరి 15న మొదలైనది. తెలుగులో 2003 డిసెంబరు 10న పుట్టినది. నేడు తెలుగులోని వ్యాసముల సంఖ్య లక్షను దాటినది. వ్రాయువారికి జీతము లేదు, బిరుదు లేదు. ఉద్యోగులు, ఉపాధ్యాయులు, విద్యార్థులు, విశ్రాంత జీవనము గడుపువారు తమకు తీరిక దొరకినపుడు వ్రాయుదురు. ఒకరు వ్రాసినదానిని మరొకరు దిద్దవచ్చును, పెంచవచ్చును, తీసివేయవచ్చును. ప్రతి మార్పును, దాని తేదీతోను, చేసినవారి పేరుతోను ఆ పుట చరిత్రలో నిలిచియుండును.

ఈ సర్వస్వములో వాడుకకు వచ్చిన తెలుగు మాటలు కొన్ని ముచ్చటైనవి. అందరును కూర్చుండి చర్చించుకొను చోటునకు రచ్చబండ అని పేరు. క్రొత్తవారు చేయి తిరుగుటకై వ్రాసికొను పుట ప్రయోగశాల. ఇంకను వ్యాసము పుట్టని విషయమును సూచించు ఎర్రని అక్షరములు ఎర్ర లింకులు. నాలుగైదు వాక్యములతో నిలిచిపోయిన వ్యాసమునకు మొలక అని పేరు. మొలక అను మాటలో ఆశ యున్నది. ఇది చెట్టు కాగలదని దాని యర్థము. అయితే నీరు పోయువారు లేనిచో మొలక ఎండిపోవును. పల్నాటి ఎండలో మరింత త్వరగా ఎండును.

తెలుగునాట ప్రతి గ్రామమునకు ఒక పుట ఉండవలెనని ఔత్సాహికులు పూనుకొనిరి. వేలకొలది గ్రామములకు పుటలు ఏర్పడినవి. పూనిక గొప్పది. కాని వానిలో పెక్కు పుటలకు ఆధారము 2011 జనగణన పట్టికలే. జనసంఖ్య ఎంత, ఇండ్లెన్ని, బడి ఎచ్చట, సాగుభూమి ఎంత అను అంకెలు మాత్రము కనబడును. ఊరి పేరు ఎట్లు వచ్చినది, గుడి ఎప్పటిది, ఆ మట్టిలో పుట్టి పేరు పొందినవా రెవరు అను సంగతులు కనబడవు. చూపునకు అట్టి పుట పొడవుగానే ఉండును. లోన మాత్రము అది మొలకయే.

ఇచ్చట ఒక చిన్న సాంకేతిక విషయము చెప్పవలసియున్నది. వ్యాసము ఎంత పెద్దదో కంప్యూటరు బైట్లలో కొలుచును. ఇంగ్లీషు అక్షరము ఒక బైటును ఆక్రమించును. తెలుగులో అచ్చు గాని, హల్లు గాని, గుణింతపు గురుతు గాని, ఒక్కొక్కటి మూడు బైట్లను ఆక్రమించును. "క్షు" అని వ్రాసినచో పండ్రెండు బైట్లు. కావున బైట్ల లెక్క చూచి ఇది ఎదిగినది, ఇది ఎదుగలేదు అని తెలుగు వ్యాసమును నిర్ణయించుట తూకపు రాయి చూడక సరకు కొన్నట్లే అగును. వ్యాసము పూర్తియైనదో లేదో చదివి తెలిసికొనవలసినదే గాని కొలిచి తెలిసికొనునది కాదు.

సగములో ఆగిన వ్రాత మన భాషకు క్రొత్త కాదు. కర్నల్ కాలిన్ మెకంజీ దక్షిణ దేశమున గ్రామగ్రామమునుండి కైఫీయతులను సేకరింపజేసెను. ఆ పనిలో అతనికి కుడిభుజమై నిలిచినవారు కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు. కరణములు చెప్పినది, శాసనములలో ఉన్నది, పెద్దలు అనుకొనునది అన్నియు అందు చేరినవి. 1821లో మెకంజీ మరణించునాటికి ఆ సంపద గుట్టలు గుట్టలుగా పడియుండెనే కాని, క్రమమైన పట్టిక యైనను సిద్ధము కాలేదు. విల్సన్ పండితుడు 1828లో దానికి వివరమైన పట్టిక ప్రచురించెను. తరువాత చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ శిథిలమగుచున్న తెలుగు కాగితములకు క్రొత్త ప్రతులు వ్రాయించి సంపుటములుగా కట్టించెను. నేడు గుంటూరు, పల్నాడు సీమల గ్రామ చరిత్రను వ్రాయగోరువారు మొదట తెరువవలసిన పుస్తకములలో ఆ కైఫీయతులు ముఖ్యమైనవి. మెకంజీ వానిని పూర్తిచేయలేదు. అయినను అవి బ్రతికినవి. ఏలయన, ఏ కాగితము ఏ ఊరిదో, ఎవరు చెప్పినదో అందు వ్రాసియుండెను. ఆ చిరునామా ఉండుటచేతనే మరొకరు వచ్చి అందుకొనగలిగిరి.

రెండవ ఉదాహరణము కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారిది. 1877లో పెనుగంచిప్రోలులో జన్మించిన ఆ మహనీయుడు తెలుగులో విజ్ఞాన సర్వస్వము వలెనని సంకల్పించి, ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమును అక్షరక్రమమున వెలువరింప మొదలిడెను. మూడు సంపుటములు వచ్చినవి. అక్షరమాలలో తొలి అక్షరముల దగ్గర ఉండగనే, 1923లో ఆయన కన్నుమూసెను. పిమ్మట కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆ భారమును తలకెత్తుకొని, క్రొత్త కూర్పునకు పూనుకొనిరి. 1938లో వారును గతించిరి. పని మరల ఆగినది.

ఆంధ్రులు ఆరంభశూరులని మనలను మనమే నిందించుకొనుట ఒక అలవాటుగా మారినది. ఈ ఇరువురి విషయమున ఆ మాట చెల్లదు. వారు కడవరకు శ్రమించినవారు. లోపము శూరత్వములో లేదు, అమరికలో ఉన్నది. అక్షరక్రమమున నడచు గ్రంథము మధ్యలో ఆగినచో, ఆగిన అక్షరము తరువాతి విషయములేవియు పాఠకునికి దొరకవు. పైగా ఏ వ్యాసము ఎవరికి అప్పగించినది, ఏ ఆధారములు చూచినది, ఏది మిగిలినది అను సంగతి చాలవరకు సంపాదకుని మనస్సులోనే ఉండును. ఆయన పోయినచో అదియు పోవును. 1947లో ఏర్పడిన తెలుగు భాషా సమితి మరొక దారి త్రొక్కినది. చరిత్రకు ఒక సంపుటము, శాస్త్రములకు మరొకటి అని విషయక్రమమున విజ్ఞాన సర్వస్వమును విభజించినది. అట్టి అమరికలో ఏ సంపుటము దగ్గర పని ఆగినను, అంతవరకు వచ్చినది దేనికది పూర్తిగా ఉపయోగపడును.

ఈ రెండు పాఠములు నేటి చిత్తుప్రతికి అక్షరాల వర్తించును. ఒకటి: ఎచ్చట ఆగినను అచ్చటికి పూర్తియై యుండునట్లు వ్రాయవలెను. రెండు: మనము లేకున్నను మరొకరు అందుకొనునట్లు గురుతులు విడువవలెను.

దీనిని రెంటచింతల మండలములోని ఒక గ్రామముతోనే చూపుదము. గోలి యను గ్రామము ఆ మండలములో ఉన్నది. ఒక కళాశాల విద్యార్థి దానిని గూర్చి వ్యాసము మొదలిడినాడనుకొందము. "గోలి అతి పురాతనమైన బౌద్ధ క్షేత్రము. ఇచ్చట ఎన్నో అద్భుతమైన శిల్పములు దొరికినవి. ఇది ప్రపంచ ప్రసిద్ధి పొందినది" అని మూడు వాక్యములు వ్రాసి, పరీక్షలు వచ్చుటచే విడిచిపెట్టినాడు. తరువాత వచ్చినవా డేమి చేయగలడు? అతి పురాతనమనగా ఎప్పటిది? ఎన్నో అనగా ఎన్ని? దొరికిన శిల్పము లిప్పుడు ఎచ్చట ఉన్నవి? ఏ ప్రశ్నకును అందులో జవాబు లేదు. ఆ మూడు వాక్యములను కొట్టివేసి మొదటినుండి వ్రాయుటయే సుకరము.

అదే విద్యార్థి ఇట్లు వ్రాసినాడనుకొందము: "గోలి పల్నాడు జిల్లా రెంటచింతల మండలములోని గ్రామము. ఇచ్చటి బౌద్ధ స్తూప శిల్పములను 1926లో ఫ్రెంచి పండితుడు జూవో దుబ్రెయిల్ వెలికి తెచ్చెను. అవి మద్రాసు ప్రభుత్వ మ్యూజియమునకు చేరినవి. వానిని గూర్చి టి. ఎన్. రామచంద్రన్ వ్రాసిన గ్రంథమును ఆ మ్యూజియము 1929లో ప్రచురించినది. శిల్పములలో వెస్సంతర జాతక కథ కలదు." ఇవియు కొలది వాక్యములే. కాని ప్రతి వాక్యమునకు పట్టుకొమ్మ ఉన్నది. వ్యాసమునకు జోడింపబడిన చర్చా పుటలో అతడు మరి రెండు పంక్తులు విడిచినాడు: "రామచంద్రన్ గ్రంథము నాకు చూడ దొరకలేదు, చూచినవారు శిల్పముల వివరములు చేర్చవలెను. గ్రామమునకు వెళ్లగలవారు స్థలము యొక్క ఛాయాచిత్రము చేర్చవలెను." ఇక అతడు పదేండ్లు తిరిగి రాకున్నను నష్టము లేదు. మాచర్లలోని ఉపాధ్యాయుడు గాని, చెన్నైలో ఉన్న తెలుగువాడు గాని, అమెరికాలో ఉన్న మాచర్ల బిడ్డ గాని, ఎచ్చట విడిచినాడో అచ్చటనే అందుకొనగలడు. మొదటిది విడిచిన చిత్తుప్రతి. రెండవది అప్పగించిన చిత్తుప్రతి. ఈ రెంటికిని ఉన్న భేదమే మేము చెప్పదలచిన ముఖ్య విషయము.

అందుకొనుటకు అడ్డంకి కూడ లేదు. వికీపీడియాలో వ్రాసిన పాఠమును మూలకర్తల పేర్లను పేర్కొని ఎవరైనను తీసికొనవచ్చును, మార్చవచ్చును, పెంచవచ్చును. వ్రాయువారు ఆ షరతునకు సమ్మతించియే వ్రాయుదురు. తన ప్రయోగశాలలో వ్రాసికొన్న పుటకును ఈ షరతు వర్తించును. కావున ఇది నా చిత్తుప్రతి, ఇతరులు ముట్టరాదు అనుటకు హక్కు లేదు. మర్యాద మాత్రము ఉన్నది: ఇంకను వ్రాయుచున్నవాని చేతినుండి కలము లాగికొనక, ముందు ఒక మాట అడుగుట.

ఇక చిత్తుప్రతిని ఎచ్చట ఉంచవలెను? ఈ ప్రశ్న చిన్నది కాదు. రేడియోలో ప్రసంగపాఠము ముందుగా వచ్చును; చదివి, దిద్ది, కాలము సరిచూచి, ఆ మీదటనే మైకు ముందునకు పోవును. ఒకసారి గాలిలో కలిసిన మాటను వెనుకకు తీసికొనలేము. వికీపీడియాలో మాటను వెనుకకు తీసికొనవచ్చును. కాని ఆ లోపల చదివినవారు చదివియే యుందురు. బడిపిల్లలు నోటు పుస్తకములలోనికి ఎక్కించుకొందురు. పత్రికవారు వాడుకొందురు. మరునాడు ఆ పత్రికయే తప్పు వాక్యమునకు ఆధారమై కూర్చుండును. కావున ఆధారము చేరని వ్రాత ప్రధాన పుటలలోనికి రాక, వ్రాయువాని ప్రయోగశాలలో ఉండుటయే క్షేమము.

ఈ జాగ్రత్త తప్పినచో ఏమగునో తెలుగువారికి అనుభవమే. 2010 ప్రాంతమున గూగుల్ సంస్థ తన అనువాద సాధనముతో ఇంగ్లీషు వ్యాసములను తెలుగుతో సహా కొన్ని భారతీయ భాషలలోనికి తెప్పించినది. వ్యాసములు పొడవైనవి, సంఖ్య పెరిగినది. కాని వాక్యములు పెక్కు చోట్ల తెలుగు నడక లేనివి. ఆ పని ముగిసిన పిమ్మట అనువాదకులు తమ దారిన తాము పోయిరి. దిద్దు భారము మాత్రము జీతము లేని కొద్దిమంది ఔత్సాహికుల మీద పడినది. తెలుగులో క్రొత్త వ్యాసము వ్రాయుటకంటె పరుల చేతి చిక్కుముడిని విప్పుట కష్టము. అవి చిత్తుప్రతులని చెప్పి వేరుగా ఉంచియున్నచో ఇంత ఇబ్బంది కలుగకపోయెడిది.

ఇంగ్లీషు వికీపీడియాలో 2013 డిసెంబరు నుండి చిత్తుప్రతులకు ప్రత్యేకముగా ఒక విభాగము కలదు. అచ్చటి పుటలు బయటి వెదుకులాటలో కనబడవు. ఆరు నెలలు ఎవరును ముట్టని చిత్తుప్రతిని తొలగింపవచ్చునని వారి నియమము. తొలగించినది బొత్తిగా నశింపదు. నిర్వాహకులు దానిని చూడగలరు. ఎవరైన తిరిగి వ్రాయుదుమని కోరినచో మరల తెచ్చి యిత్తురు. ఈ నియమమునకు కారణము లేకపోలేదు. వ్యాపార ప్రకటనలు, స్వోత్కర్షలు, ఇతర గ్రంథములనుండి ఎత్తి వ్రాసినవి ఆ విభాగములో చేరి పేరుకొనిపోవును. ఊడ్వని వాకిలిలో ఎంత మంచి వస్తువైనను కనబడదు.

ఈ ఆరు నెలల గడువు తెలుగునకు తగునా? తగదని మా యభిప్రాయము. ఇంగ్లీషులో వ్రాయువారు వేలకొలది; ఒకరు విడిచినది మరొకరి కంట త్వరలో పడును. తెలుగులో నిత్యము వ్రాయువారు చాల కొద్దిమంది. గోలిని గూర్చి వ్రాయగలవాడు ఆరు నెలలలో రాకపోవచ్చును; ఆరేండ్లకు రావచ్చును. క్యాలెండరు చూచి తీసివేసినచో ఆధారముతో కూడిన మంచి మొలక కూడ పోవును. అట్లని అన్నింటిని ఎల్లకాలము ఉంచుటయు మేలు కాదు. లక్ష వ్యాసముల మధ్య ఎండిన మొలకలు నిండినచో, ఒకటి రెండు సార్లు చూచిన పాఠకుడు మూడవసారి రాడు.

కావున కాలమునుబట్టి కాక గుణమునుబట్టి నిర్ణయించుట యుక్తము. ఒకరిని నిందించునది, ఎత్తి వ్రాసినది, తన్ను తాను పొగడుకొనునది ఉన్నచో ఒక్క దినమైనను ఉంచరాదు. ఆధారము గలది, అబద్ధము లేనిది ఎంత చిన్నదైనను ఉంచవచ్చును. అది అసంపూర్ణమని పైన స్పష్టముగా చెప్పవలెను. ఆధారము లేక, ఒకటి రెండు వాక్యములతో నిలిచినదానిని పెద్ద వ్యాసములో కలుపవచ్చును. గ్రామమును గూర్చిన రెండు వాక్యములు మండలపు పుటలో ఒక పేరాగా ఒదుగును. పాత పేరు వెదకినవారిని క్రొత్త చోటికి పంపు దారిమార్పు ఏర్పాటు ఎటులైనను ఉన్నది. అప్పుడు మొలక చావదు. పెద్ద చెట్టు నీడలో ఉండి, బలము వచ్చినపుడు వేరుగా నాటబడును. కలుపునపుడు పేర్లను జాగ్రత్తగా చూచుకొనవలెను. రెంటచింతల మండలములోనే రెంటాల యను మరొక గ్రామము కలదు. ఒకదాని సంగతి మరొకదానిలో పడినచో విడదీయుట కష్టము.

గ్రామ వ్యాసములు సగములో ఆగుటకు సోమరితనము ఒక్కటే కారణము కాదు. అచ్చుపడిన ఆధారము కావలెనని నియమము. ఊరిలోని వృద్ధుడు చెప్పిన సంగతి నిజమే కావచ్చును. కాని దానిని సరిచూచుకొను మార్గము ఇతరులకు లేదు గనుక ఈ సర్వస్వము దానిని అంగీకరింపదు. వ్రాయబూనినవాడు ఇచ్చట నిరాశపడి మానివేయును. అతడు చేయవలసిన పని మరొకటి ఉన్నది. అచ్చయిన గ్రామ కైఫీయతులున్నవి; జిల్లా గెజెటీర్లున్నవి; శాసన సంపుటములున్నవి. అదే మండలములోని మంచికల్లులో దొరికిన సింహవర్మ ప్రాకృత శాసనమును పల్లవుల తొలి శాసనముగా చరిత్రకారులు పరిగణింతురు. ఇట్టి సంగతి గ్రామ రచ్చబండ మీద తెలియకపోవచ్చును, గ్రంథాలయములో తెలియును. వృద్ధుడు చెప్పినదానిని కూడ పారవేయరాదు. దానిని వేరుగా వ్రాసి, తేదీ వేసి, చెప్పినవారి అనుమతితో భద్రపరచవలెను. పత్రికలోనో స్థానిక చరిత్ర గ్రంథములోనో అది అచ్చయిననాడు సర్వస్వమునకు ఆధారము కాగలదు. కైఫీయతులు అట్లే కదా వచ్చినవి!

పూర్తియైనదను మాట కూడ ఇచ్చట శాశ్వతము కాదు. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడినది. అంతవరకు గుంటూరు జిల్లాలోనిదని సరిగా వ్రాసిన రెంటచింతల వ్యాసమైనను ఆ దినముననే అసంపూర్ణమైనది. ఎవరో ఒకరు వచ్చి ఆ మాటను మార్చవలెను. ఇందులో తుది ప్రతి అనునది లేదు. అన్నియు మంచి చిత్తుప్రతులు, చెడ్డ చిత్తుప్రతులు మాత్రమే. కావున వ్యాసమును పూర్తిచేయలేమను భయముతో మొదలిడకుండుట అనవసరము. మొదలిడి, మౌనముగా విడిచిపోవుటయే దోషము.

మన ఇండ్లలో చదువుకొన్న బిడ్డలున్నారు. తీరిక గల పెద్దలున్నారు. మీ ఊరి పుటను ఒకసారి తెరచి చదువుడు. ఒక తప్పు కనబడినచో దిద్దుడు. ఒక ఆధారము తెలిసినచో చేర్చుడు. వేరొకరు విడిచిన వాక్యము కనబడినచో దానికి కొనసాగింపు వ్రాయుడు. మీరు వ్రాయుట ఆపవలసి వచ్చినచో, ఎచ్చట ఆపితిరో, ఇంకను ఏమి కావలెనో రెండు పంక్తులలో చెప్పి లేవుడు. ఆ రెండు పంక్తుల వలననే రేపు వచ్చువాడు మీకు వారసుడగును.